చంపాపేట డాబా మీద త్రిశంకుడు

హైదరాబాద్ నుంచి సదరన్ క్రాస్ కనిపిస్తుందని చెబితే ఇప్పటికీ చాలామంది నా వైపు అదోలా చూస్తారు. అది ఆస్ట్రేలియా జెండా మీద ఉండేది కదా, మనకెక్కడ కనిపిస్తుంది అంటారు. కనిపిస్తుందండీ. ఏప్రిల్, మే నెలల్లో, సరిగ్గా దక్షిణాన, బాగా కిందికి. ఇది ఆస్ట్రేలియా వాళ్ళ సొత్తు, బ్రెజిల్ వాళ్ళ సొత్తు అనుకునేలోపే మన వాళ్ళు దానికి త్రిశంకు అని పేరు పెట్టుకున్నారు. మా ఇంట్లో అయితే నక్షత్రం గిక్షత్రం ఏమీ లేదు, ఉత్త త్రిశంకుడే. "త్రిశంకుడు వచ్చాడా?" "ఇంకా లేదు, తల ఒక్కటే కనిపిస్తోంది." ఎండాకాలం రాత్రుళ్ళు మా డాబా మీద ఇవీ మాటలు.

మాకు ఆయన పరిచయమైంది హేలీ తోకచుక్క పుణ్యమా అని. ఇంకా వెనక్కి వెళ్తే, మా బాబాయ్ గుర్రప్పందేల పుణ్యమా అని.

1986 సంగతి. అప్పుడు మేం చంపాపేటలో ఉండేవాళ్ళం. మా డాబాకి దక్షిణం వైపు నాలుగైదు పెంకుటిళ్ళు, తర్వాత ఖాళీ ప్లాట్లు, ఆ తర్వాత బాలాపూర్ వైపు పొలాలు, గుట్టలు. అడ్డం అంటూ ఏమీ లేదు. బాబాయ్ అంతకు ముందు చలికాలంలో జుమ్మేరాత్ బజార్‌కి వెళ్ళి ఒక సెకండ్ హ్యాండ్ బైనాక్యులర్ కొనుక్కొచ్చాడు. దాని అసలు ఉద్యోగం మలక్‌పేట రేస్ కోర్సులో. ఆ విషయం ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క నాయనమ్మకి తప్ప. ఒకరోజు బీరువాలో బట్టల కింద అది నాయనమ్మ చేతికి దొరికింది. "ఇదేంట్రా?" అంటే బాబాయ్ రెప్ప వెయ్యకుండా "తోకచుక్క కోసమమ్మా, డెబ్బయ్యారేళ్ళకోసారి వస్తుంది, పిల్లలకి చూపిద్దామని" అన్నాడు. అన్నాక చూపించక తప్పుతుందా మరి.

పేపర్లలో నెలల తరబడి హడావుడి చేసిన తోకచుక్క ఫిబ్రవరిలో సూర్యుడి చుట్టూ తిరిగొచ్చి, మార్చిలో తెల్లవారుజామున కనిపించి, ఏప్రిల్‌కి దక్షిణాకాశంలోకి దిగిపోయింది. ఏప్రిల్ 11న భూమికి బాగా దగ్గరగా వచ్చింది కానీ అప్పటికది అంత దక్షిణాన ఉండటం వల్ల యూరప్ వాళ్ళకి అందలేదు, మనకి ఫరవాలేదు. పరీక్షలు అయిపోయాయి, సెలవులు, పైగా ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, పోయినప్పుడల్లా ఆకాశం ఇంకాస్త దగ్గరికొచ్చేది. రాత్రి భోజనాలయ్యాక బాబాయ్ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి చాలాసేపు వెతికి, ఆగ్నేయంలో చేతికందేంత ఎత్తులో, నూలు ముద్దలా ఉన్న ఒక మసక మచ్చని పట్టుకున్నాడు. ఇక చూడాలి. వీధి వీధంతా మా డాబా మీదే. ఎదురింటి ఉర్దూ మాస్టారు కూడా వచ్చారు, చూసి, మర్యాదగా తల ఊపి, "మా చిన్నప్పుడు సుహైల్ ఇంతకంటే బాగా కనిపించేది" అన్నారు. సుహైల్ అంటే మన అగస్త్య నక్షత్రం, సాయంత్రాలు నైరుతిలో దిగిపోతూ ఉండేది ఆ నెలలో. దానిముందు ఏ తోకచుక్కైనా వెలవెలపోవాల్సిందే అనుకోండి.

ఒక్క మా అక్క మాత్రం నమ్మలేదు. ఇంటర్ ఎంపీసీ చదువుతోంది, కాలేజీ వాళ్ళతో కలిసి బిర్లా ప్లానెటోరియంకి వెళ్ళొచ్చింది. నౌబత్ పహాడ్ మీద అది తెరిచింది 1985లోనే, ఊళ్ళో అదొక కొత్త వింత. అక్కడ విన్నది, పేపర్లో వచ్చిన ఆకాశపటం కలిపి గ్రాఫ్ పేపర్ మీద దక్షిణాకాశం గీసుకుంది. బాబాయ్ మచ్చని కూడా దాని మీద పెన్సిల్‌తో పెట్టింది. మర్నాడు రాత్రి చూస్తే అది ఉన్నచోటే ఉంది. మూడో రాత్రీ అక్కడే. "తోకచుక్కయితే రోజుకి మూడు వేళ్ళ మేర జరగాలి బాబాయ్, ఇది జరగట్లేదు" అంది. అదే పటంలో కొంచెం తూర్పుకి ఇంకో మసక మచ్చ దొరికింది, అది మాత్రం ప్రతి రాత్రీ చోటు మారుతోంది. అసలు హేలీ అదీ. బాబాయ్ వీధి మొత్తానికి చూపించింది ఒమేగా సెంటారీ అనే తారాగుచ్ఛం.

ఈ ఒమేగా సెంటారీ కథ తర్వాతెప్పుడో చదివి నేను ఒక్కడినే కూర్చుని నవ్వుకున్నాను. కంటికి అది నక్షత్రంలాగే ఉంటుంది కాబట్టి పాతకాలం వాళ్ళంతా దాన్ని నక్షత్రంగానే లెక్కేశారు, 1603లో ఆకాశపటాలు గీసిన బేయర్ నక్షత్రాలకి ఇచ్చినట్టే దానికీ ఒమేగా అని గ్రీకు అక్షరం ఇచ్చాడు. 1677లో సెయింట్ హెలెనా దీవి నుంచి చూసి, ఇది మామూలు నక్షత్రం కాదు అని రాసుకున్నవాడు ఎవరనుకున్నారు? ఎడ్మండ్ హేలీ! తోకచుక్కకి పేరిచ్చిన ఆయనే. అంటే మా బాబాయ్ పొరబడ్డా, ఆయన చూపించింది హేలీ గారిదే. పైగా ఏప్రిల్ 14 ప్రాంతంలో అసలు తోకచుక్క నడుచుకుంటూ ఆ మచ్చ దాపుల్లోకే వచ్చింది, రెండూ దాదాపు ఒకే వైపు కనిపించాయి. బాబాయ్ వెంటనే "నేను ముందే చెప్పానుగా" అన్నాడు.

ఒమేగా సెంటారీ మసకమచ్చ కాదు, కోటి దాకా నక్షత్రాలున్న గోళాకార తారాగుచ్ఛం, దూరం సుమారు 17,000 కాంతి సంవత్సరాలు. మన పాలపుంత చుట్టూ ఉన్న ఇలాంటి గుచ్ఛాల్లో ఇదే పెద్దది. ఒకప్పుడు మన పాలపుంత మింగేసిన చిన్న గెలాక్సీ తాలూకు నడిబొడ్డు అయ్యుంటుందని చాలామంది ఖగోళ శాస్త్రవేత్తల అంచనా. నడుమ ఒక మధ్యరకం బ్లాక్ హోల్ ఉందనడానికి గట్టి ఆధారాలు 2024లో దొరికాయి, హబుల్ టెలిస్కోప్ ఇరవై ఏళ్ళపాటు తీసిన ఫోటోల్లో నక్షత్రాల పరుగు కొలిచి. మా బైనాక్యులర్‌లో మాత్రం, ఒక కన్ను వైపు ఫంగస్ పట్టి ఉండేది కాబట్టి, రెండో కంటితో చూస్తే నూలు ముద్దే.

సరే, త్రిశంకుడు. అక్క పటంలో ఒమేగా సెంటారీకి కుడివైపు కిందికి నాలుగు చుక్కలు కలిపి ఒక చిన్న గాలిపటం ఆకారం, పక్కన "క్రక్స్" అని రాసి ఉంది, అంటే సదరన్ క్రాసే. మొత్తం 88 నక్షత్ర మండలాల్లో ఇదే చిన్నది. పటం చూసి దిగంతం దగ్గర వెతికితే నిజంగానే ఉంది. ఎడమవైపుకి పక్కకి ఒరిగి పైకొచ్చింది, రాత్రి పదకొండు దాటాక నిటారుగా నిలబడింది, తర్వాత కుడివైపుకి ఒరిగి దిగిపోయింది. మొత్తం ఏడు గంటల ప్రయాణం, అంతే. మేం క్రక్స్ క్రక్స్ అని అరుస్తుంటే నవారు మంచం మీంచి నాయనమ్మ "అది త్రిశంకుడు రా, మీకు కొత్తేమో గానీ" అంది.

కథ మాకు తెలిసిందే అయినా ఆకాశంలో మనిషిని చూపించి చెబుతుంటే వేరు. బొందితో స్వర్గానికి పోవాలని త్రిశంకు మహారాజుకి కోరిక. వశిష్ఠుడు కుదరదన్నాడు, ఆయన కొడుకుల్ని అడిగితే శపించారు, చివరికి విశ్వామిత్రుడు సరే అని యజ్ఞం చేసి పైకి పంపాడు. ఇంద్రుడు తోసేశాడు. తలకిందులుగా పడిపోతూ రక్షించమని అరిస్తే విశ్వామిత్రుడు "ఆగు" అని అక్కడే ఆపేశాడు. అక్కడితో ఆగాడా, కోపమొచ్చి దక్షిణాన వేరే సప్తర్షుల్ని, వేరే నక్షత్రాల్ని పుట్టించడం మొదలెట్టాడు. నాకు ఒకటే సందేహం. "తలకిందులుగా ఉండాలి కదా నాయనమ్మా, ఈయన నిలబడే ఉన్నాడే?" నాయనమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "ఇంతదూరం నుంచి అలాగే కనిపిస్తాడు. పడుకో నానా" అంది.

తోకచుక్క ఆ నెలాఖరుకి వెళ్ళిపోయింది. త్రిశంకుడు మాత్రం ఏటా వచ్చేవాడు. హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు కాబట్టి, ఆయన కాలి దగ్గరి నక్షత్రం ఆక్రక్స్ మనకి ఎంత పైకొచ్చినా తొమ్మిదిన్నర డిగ్రీలు దాటదు. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే ఆ పిడికిలి వెడల్పంత. తల దగ్గరి గాక్రక్స్ పదిహేను డిగ్రీల దాకా వస్తుంది. అంత కిందికి ఉన్నప్పుడు వెలుగు మనదాకా రావడానికి దుమ్మూ ధూళీ ఉన్న గాలిలో చాలా దూరం ఈదాలి, అందుకే ఆస్ట్రేలియాలో మిరుమిట్లు గొలిపేవి మనకి నీరసంగా కనిపిస్తాయి. అయినా గాక్రక్స్ ఎరుపు మాకు బాగానే తెలిసేది. అదొక ఎర్రని మహాతార, మిగతా మూడూ నీలి తెలుపు.

అక్కకి ఒక ఆట ఉండేది, ఇప్పుడు మా పిల్లలతో నేనూ ఆడతాను. గాక్రక్స్ దూరం 88 కాంతి సంవత్సరాలు, అంటే 1986లో మేం చూసిన వెలుగు 1898లో బయల్దేరింది, మూసీ వరదకి పదేళ్ళ ముందు. మిమోసా, అంటే ఎడమ చెయ్యి, సుమారు 280. ఔరంగజేబు ఇంకా బతికే ఉన్నాడు. ఆక్రక్స్ సుమారు 320, గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా రాజ్యం. ఒకే మనిషి ఒంటి మీద మూడు కాలాల వెలుగు! వేర్వేరు దూరాల్లో ఉన్న నక్షత్రాలు, మనకి ఒకే వరసలో పడి మనిషయ్యాయి. కుడి చెయ్యి కింద ఇంకో చిన్న చుక్క ఉంటుంది, ఎప్సిలాన్. ఆస్ట్రేలియా జెండాలో అదీ ఉంది, న్యూజిలాండ్ వాళ్ళు తీసేశారు. మా డాబా మీద దాని కోసం కరెంటు పోవాల్సి వచ్చేది.

మిమోసా పక్కనే బైనాక్యులర్‌లో కొంచెం అలుక్కుపోయినట్టు కనిపించే చుక్క ఒకటుంది, దాన్ని జ్యువెల్ బాక్స్ అంటారు. నగలపెట్టె. లకై అనే ఫ్రెంచాయన 1750ల మొదట్లో కేప్ ఆఫ్ గుడ్ హోప్ నుంచి కనిపెట్టాడు, జాన్ హెర్షెల్ రంగురాళ్ళ నగతో పోల్చాడు. ఎక్కువ నీలివి, మధ్యలో ఒక ఎర్రది. దూరం ఆరు వేల కాంతి సంవత్సరాల పైనే. అబద్ధమెందుకు, మా జుమ్మేరాత్ బజార్ సరుకులో అందులో నగలేమీ కనిపించలేదు.

త్రిశంకుడు నిటారుగా నిలబడ్డాక ఓ గంటన్నర, రెండు గంటలు ఆగితే ఎడమవైపున్న రెండు పెద్ద నక్షత్రాలు బాగా పైకొస్తాయి. ముందు బీటా సెంటారీ, వెనకే ఆల్ఫా సెంటారీ. ఈ రెండోది సూర్యుడి తర్వాత మనకి దగ్గరి నక్షత్ర కుటుంబం, 4.37 కాంతి సంవత్సరాలు. ఇది ఒక్కటి కాదు రెండు అని మొదట గమనించింది ఎక్కడో తెలుసా, మన పాండిచ్చేరిలో. 1689 డిసెంబర్‌లో రిషో అనే ఫ్రెంచ్ జెస్యూట్ మతగురువు ఒక తోకచుక్కని చూస్తూ పక్కనున్న దీన్ని చూసి, ఇవి జంట అని రాసిపెట్టాడు. తోకచుక్కని వెతుకుతూ వెళ్ళి వేరేది పట్టుకోవడం అనేది మా బాబాయ్‌తో మొదలవ్వలేదన్నమాట. ఆ జంట ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి దాదాపు 80 ఏళ్ళు పడుతుంది. మూడోది ప్రాక్సిమా, కంటికి కనిపించదు, 1915లో జోహానెస్‌బర్గ్ నుంచి రాబర్ట్ ఇన్నెస్ కనిపెట్టాడు. 4.24 కాంతి సంవత్సరాలతో అందరికంటే దగ్గర అదే, దాని చుట్టూ గ్రహం ఉందని 2016లో తేలింది. హెండర్సన్ అనే ఆయన కథ ఒకటుంది, వినాలి. 1832, 33లలో కేప్‌లో కూర్చుని ఆల్ఫా సెంటారీ దూరం తేల్చడానికి కావలసిన కొలతలన్నీ తీసుకున్నాడు, లెక్క బయటపెట్టడానికి మాత్రం 1839 దాకా తాత్సారం చేశాడు. ఈలోగా 1838లో బెస్సెల్ ఇంకో నక్షత్రం దూరం ప్రకటించి, మొట్టమొదట నక్షత్రం దూరం కొలిచినవాడన్న పేరు కొట్టేశాడు.

తర్వాత ఒకసారి నేనూ ప్లానెటోరియంకి వెళ్ళాను. తెలుగు షో. చీకటి పడ్డాక చెప్పే ఆయన "ఇప్పుడు మనం దక్షిణానికి ప్రయాణం చేద్దాం" అన్నాడు, ఆకాశం మొత్తం మెల్లగా జరిగింది, మా డాబా మీద పిట్టగోడకి ఆనుకుని ఉండే త్రిశంకుడు అలా అలా పైకి లేచి నడినెత్తికి దగ్గరగా వచ్చేశాడు. అక్క పక్కనుంచి గిల్లింది. నాకు మాత్రం ఎందుకో నచ్చలేదు, మన వాడిని ఎవరో తీసుకెళ్ళిపోతున్నట్టు. హైదరాబాద్‌లోనే పెరిగి, నిజాం కాలేజీలో చదువుకున్న ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు గురించి ఆ రోజు విన్నాను. వాళ్ళ నాన్నగారు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. బప్పు గారు పెద్ద టెలిస్కోప్ కోసం తమిళనాడులో కావలూరు ఎంచుకున్నారు, పన్నెండున్నర డిగ్రీల అక్షాంశం. ఇక్కడికంటే అక్కడ దక్షిణాకాశం ఐదు డిగ్రీలు ఎక్కువ అందుతుంది. ఆ ఐదు డిగ్రీల విలువ మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఎందుకంటే మా పది డిగ్రీలు పోయాయి. ముందు పెంకుటిళ్ళు పోయి రెండంతస్తులయ్యాయి, తర్వాత ఖాళీ ప్లాట్లలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. లెక్క చాలా సులువు, మా డాబా కంటే పది మీటర్లు ఎత్తున్న బిల్డింగ్ అరవై మీటర్ల దూరంలో ఉన్నా చాలు, ఆక్రక్స్ ఇక కనిపించదు. నడినెత్తి మీది నక్షత్రాలని ఊరు మసకబారుస్తుంది తప్ప మాయం చెయ్యలేదు, కానీ దిగంతాన్ని మాత్రం పూర్తిగా తినేస్తుంది. హైదరాబాద్ లైట్ల వల్ల నక్షత్రాలు పోయాయి అని అందరూ అంటారు కానీ నా కోపం లైట్ల మీద కాదు, వాటర్ ట్యాంకుల మీద. రెండు మూడు ఎండాకాలాలు గాక్రక్స్ ఒక్కటి ట్యాంకు పక్కనుంచి తొంగిచూసింది, తర్వాత అదీ లేదు. అప్పటికి నాయనమ్మ కూడా లేదు.

నిజానికి ఆకాశం కూడా ఆయన్ని మెల్లగా కిందికి లాగుతూనే ఉంది. భూమి అక్షం బొంగరంలా తూగడం వల్ల శాతవాహనుల కాలంలో త్రిశంకుడు మన దగ్గర ఇంకో పది పదకొండు డిగ్రీలు పైన ఉండేవాడు. అప్పట్లో అలెగ్జాండ్రియా నుంచి కూడా కనిపించేవాడు, అక్కడి ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ ఈ నక్షత్రాలని సెంటారస్ అనే మండలంలో భాగంగా రాశాడు, ఆ తర్వాత యూరప్‌కి దిగంతం కిందికి జారిపోతే 1500ల్లో ఓడల్లో దక్షిణానికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ చూసి కొత్తగా కనిపెట్టినట్టు సిలువ అన్నారు. మనకి ఎప్పుడూ పోలేదు. ఇంకో రెండు వేల ఏళ్ళకి హైదరాబాద్ నుంచి ఆయన కాలు దిగంతాన్ని తాకుతుంది. ఆకాశం అన్ని వేల ఏళ్ళు తీసుకునే పనిని మా వీధి ఇరవై ఏళ్ళలో చేసేసింది.

అక్క పెళ్ళయ్యాక కొన్నాళ్ళకి మెల్‌బోర్న్‌లో స్థిరపడింది. మొన్నామధ్య నవంబర్‌లో వెళ్ళాం. అక్కడ త్రిశంకుడు అస్తమించడు, ఏడాది పొడవునా ఉంటాడు, అక్క పెరట్లో బట్టలు ఆరేస్తూ కూడా చూస్తుంది. ఫిలిప్ ఐలండ్ తీసుకెళ్ళింది, పెంగ్విన్లు సాయంత్రం సముద్రంలోంచి వరసగా ఒడ్డుకొచ్చేది చూడ్డానికి. అందరూ పెంగ్విన్ల ఫోటోలు తీయకూడదన్న బాధలో ఉన్నారు. చీకటి బాగా పడ్డాక కార్ పార్కింగ్ దగ్గర అక్క దక్షిణం వైపు తిప్పి "చూడు, నాయనమ్మకి చెప్పాల్సింది" అంది. సముద్రం మీద, బాగా కిందికి, గాక్రక్స్ అడుగున, ఆక్రక్స్ పైన. తలకిందులుగా. ఆ నెలల్లో రాత్రి మొదటి జాములో అక్కడ ఆయన భంగిమ అదే, ధ్రువం చుట్టూ తిరుగుతూ సరిగ్గా దాని కిందికి వచ్చినప్పుడు. కథ ఎవరు ఎక్కడ నిలబడి అల్లారో గానీ, ఇంద్రుడు తోసేసిన త్రిశంకుడు అచ్చం ఇలాగే ఉండాలి. నేను ఏమీ అనలేదు, అక్క మాత్రం ఫోన్‌లో బాబాయ్‌కి ఫోటో పంపింది. "గుర్రం ఏదీ?" అని బదులొచ్చింది.

ఇంకో రోజు తెల్లవారుజామున ఊరి బయట ఆయన పక్కనే నల్లని మచ్చ కూడా చూశాను, కోల్‌సాక్. పాలపుంత తెల్లదనంలో మసిపూసినట్టు ఉండే ధూళిమేఘం, మనకి సుమారు 600 కాంతి సంవత్సరాలు. వెనక నక్షత్రాలని అడ్డేస్తుంది కాబట్టి నల్లగా ఉంటుంది. ఆస్ట్రేలియా ఆదివాసులకి ఆకాశంలో ఒక పెద్ద ఈమూ పక్షి ఉంది, దాని తల ఈ మచ్చే. వెలుగుని కాక చీకటిని కలిపి బొమ్మ గీసుకోవడం నాకు భలే నచ్చింది. చంపాపేట నుంచి ఇది ఏనాడూ కనిపించలేదు.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట. డాబాల మీద ఆశ వదులుకోండి. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం బాగా దాటాక, ఊరి లైట్లు మన వీపు వెనక ఉండేలా, దక్షిణం వైపు ఖాళీగా ఉన్న చోటు చూసుకోండి. ఊరికి ఉత్తరాన మేడ్చల్ వైపు వెళ్తే లాభం లేదు, నగరం మొత్తం సరిగ్గా ఆయన కాళ్ళ దగ్గరే వెలుగుతూ ఉంటుంది. మే మొదటి వారంలో అయితే రాత్రి పది లోపు నిటారుగా ఉంటాడు, నెలాఖరుకి ఎనిమిదిన్నరకే. వాన పడి దుమ్ము అణిగిన మర్నాడు ఇంకా మంచిది. ఆల్ఫా సెంటారీ బాగా పైకి రావాలంటే ఇంకో రెండు గంటలు ఆగాలి, ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళండి.